ముంగిలి - మేస్త్రీ - మొదటి వాన

'ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు' అన్న సామెత పుట్టిన నాడు తెలుగువాని ముంగిలికి ఖర్చు లేదు. తెల్లవారుజామున పేడనీళ్ళతో కల్లాపి చల్లి, నాలుగు గీతల ముగ్గు పెట్టినచో వాకిలి సిద్ధమయ్యెడిది. వాన కురిసినప్పుడు ఆ మట్టినేల త్రాగగలిగినంత త్రాగి, మిగిలిన దానిని వీధికి విడిచెడిది. నేడు పట్టణములందే కాక పల్లెలందును ముంగిలికి రాతిబండలో, సిమెంటు దిమ్మలో పఱపించుట పరిపాటి అయినది. ముగ్గు మట్టిని విడిచి బండ మీదికి ఎక్కినది.

ఇంటి పునాదిని గూర్చి పదిమందిని అడిగి పదిసార్లు ఆలోచించిన గృహస్థుడు, ముంగిలి దగ్గరకు వచ్చుసరికి అలసిపోయి యుండును. చేతిలోని సొమ్ము తరిగి యుండును. గృహప్రవేశ ముహూర్తము ముంచుకొని వచ్చుచుండును. అప్పుడు ఎవరో చెప్పిన ఒక మేస్త్రీని పిలిచి, "అడుగుకు ఎంత?" అని ఒక్క ప్రశ్న వేసి, బయానా చేతిలో పెట్టును. చిక్కులన్నియు ఆ ఒక్క ప్రశ్నతోనే ప్రారంభమగును. ఏలయన, అడుగు ధర చెప్పినవాడు ఆ అడుగు క్రింద ఏమి వేయునో చెప్పలేదు, అడిగినవాడు అడుగలేదు.

రాతి గుణము

తెలుగునేలకు రాతి కొఱత లేదు. అమరావతి స్తూపమును అలంకరించిన శిల్పములు పల్నాటి సున్నపురాతిలో చెక్కినవే. నేడు ముంగిళ్ళలో కనిపించు కడప నల్లబండ, నంద్యాల జిల్లాలోని బేతంచెర్ల బండ, వికారాబాదు జిల్లాలోని తాండూరు బండ, సరిహద్దు కావల కర్ణాటకమునుండి వచ్చు షాబాదు బండ - ఇవన్నియు సున్నపురాతి జాతులే. పొరలు పొరలుగా ఏర్పడిన రాయి కనుక పలకలుగా విడివడును. అందుచేతనే నేలకు పఱచుటకు అనువైనది.

అయితే ప్రతి రాతికిని ఒక గుణమున్నట్లే ఒక బలహీనతయు ఉండును. సున్నపురాతికి ఆమ్లము శత్రువు. పని ముగిసిన పిదప సిమెంటు మరకలు పోవునని యాసిడ్ పోసి రుద్దించువారు కలరు. మరకతో పాటు బండ పైపొరయు నురగై పోవును. ఆ మెఱుగు మరల రాదు. మరక ఎండక ముందే తడిగుడ్డతో తుడిపించుటకు మించిన మందు లేదు.

మెఱుగు మాటయే వచ్చినది కనుక మఱియొకటి చెప్పవలెను. అంగడిలో అద్దమువలె మెఱయు బండను చూచి ముచ్చటపడని ఇల్లాలు ఉండదు. ఇంటిలోపల అది శోభయే. ఆరుబయట తడిసినప్పుడు అదే ప్రమాదము. వేకువనే ముగ్గు పెట్టుటకు వచ్చిన ముసలమ్మ జారిపడి తుంటి ఎముక విరుగగొట్టుకొన్నచో ఆ మెఱుగు ఎవరికి ఉపయోగము? ముంగిలికి గరుకు బండయే తగును.

సిమెంటు దిమ్మలు కోరువారు మందమును అడిగి తెలిసికొనవలెను. ఈ దిమ్మలకు భారతీయ ప్రమాణము 15658 అను సంఖ్యతో 2006లో వెలువడినది. మనుష్యులు నడచుటకు, ఇంటి కారు నిలుపుటకు సాధారణముగా 60 మిల్లీమీటర్ల దిమ్మ చాలును. సరకు లారీలు వచ్చిపోవు దుకాణపు ఆవరణకు 80 మిల్లీమీటర్లకు తగ్గరాదు. పైనుండి చూచినప్పుడు రెండును ఒక్కటిగనే కనిపించును. తేడా లారీ చక్రమునకు తెలియును.

కనబడని పని

'పైన పటారము, లోన లొటారము' అన్న మాట ఈ వృత్తికొఱకే పుట్టినదా అనిపించును. ముంగిలి మన్నిక బండలో సగము, బండ క్రింద సగము. నేల నల్లరేగడి అయినచో తడికి ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు వాఱును. దానిపై నేరుగా పఱచిన బండ రెండేండ్లకు పడవవలె ఊగును. ఆ మట్టిని కొంతలోతు తీసివేసి, గ్రావెలు పోసి, తడిపి, పొరపొరకు దిమ్మిసతోనో యంత్రముతోనో గట్టిపఱుపవలెను. ఆరు అంగుళములు ఒక్కసారిగా పోసి పైపైన అణచినచో పైపొర గట్టిపడును, అడుగు గుల్లగనే ఉండును. కొత్తయింటి చుట్టును పునాది గోతులలో పూడ్చిన మట్టి మఱింత మోసకారి; ఒక వానకాలము దానిని కుదురుకొననిచ్చి పిదప పఱపించుట తెలివి.

సిమెంటు దిమ్మల క్రింద ఇసుక పొర అంగుళము మొదలు అంగుళమున్నర వఱకు ఉండవలెను. ఎగుడుదిగుడులు కప్పుటకు ఒకచోట నాలుగంగుళములు, ఒకచోట అరంగుళము పోయు మేస్త్రీ రాబోవు గుంటలను తానే త్రవ్వుచున్నాడు. అంచుల వెంబడి కాంక్రీటు కట్ట లేనిచో దిమ్మలు ప్రక్కకు జరిగి సందులు విచ్చుకొనును. సందులలో పొడి సన్ననిసుక నింపి, యంత్రముతో అదిమినప్పుడే దిమ్మకు దిమ్మ ఆసరా అగును.

రాతిబండకు ఇసుకకు బదులు మాలు. నాలుగు మూలలను నాలుగు ముద్దలు పెట్టి బండ దింపిన పని త్వరగా సాగును. నడుమ డొల్ల మిగులును. ఆరిన పిదప కఱ్ఱతో తట్టి చూచినచో డొల్ల బండ తన గుట్టు తానే చెప్పును. ఈ పరీక్ష లెక్క తీర్చక ముందు చేయవలసినది. తీర్చిన పిదప కాదు.

నీటి దారి

'నీరు పల్లమెఱుగు' నన్నది పెద్దల మాట. 30 అడుగుల పొడవు, 20 అడుగుల వెడల్పు గల ముంగిలిపై ఒక్క సెంటీమీటరు వాన కురిసినచో దాదాపు 550 లీటర్ల నీరు పడును. అయిదు సెంటీమీటర్ల జడివానకు 2,750 లీటర్లు దాటును. మునుపు మట్టి త్రాగిన నీటిని ఇప్పుడు బండ త్రాగదు. అది గుమ్మము వైపునకు పోవునా, పొరుగువాని గోడ క్రిందికి పోవునా, తోటకు పోవునా అన్నది మేస్త్రీ ఇచ్చిన వాటమును బట్టి యుండును.

అయిదడుగులకు ఒక అంగుళము చొప్పున వాటము ఇచ్చినచో 20 అడుగులకు నాలుగంగుళములు దిగవలెను. ఇది కంటితో చూచి చెప్పదగినది కాదు. రసమట్టముతోనో, నీళ్ళు నింపిన గొట్టముతోనో కొలిచి, మేకులకు దారము కట్టి నిర్ణయించవలసినది. ఆస్పత్రికిని, దుకాణమునకును చక్రాల కుర్చీ ఎక్కుటకు వేయు వాలుదారి మాత్రము 12 అడుగులకు ఒక అడుగును మించి లేవరాదు.

ముంగిలినంతయు కప్పివేయుట గొప్ప కాదు. వేపచెట్టు మొదట మూడు నాలుగడుగులు మట్టిని విడువనిచో చెట్టు ఉక్కిరిబిక్కిరి అగును. పిదప దాని వేళ్ళే బండలను లేవనెత్తి పగ తీర్చుకొనును. ఉమ్మడి ఆంధ్రప్రదేశమున 2002లో వచ్చిన వాల్టా చట్టము వాననీటిని నేలలో ఇంకించు ఏర్పాట్లను గూర్చి చెప్పినది. వాటము చివర ఇంకుడుగుంత త్రవ్వించినచో ఆ నీరు పెరటి బోరుకే చేరువగును. ముంగిలికి బండ వేసి, వేసవిలో నీళ్ళ ట్యాంకరుకు ఎదురుచూచుట ఒక చేతితో ఇచ్చి మఱియొక చేతితో పుచ్చుకొనుట వంటిది.

మాటయు కాగితమును

1872 నాటి ఒప్పందముల చట్టము నోటిమాటను త్రోసివేయదు. కాని వివాదము వచ్చిన నాడు నోటిమాటకు రెండు జ్ఞాపకములు ఉండును. ఒక తెల్లకాగితముపై పది పంక్తులు చాలును: బండ ఏ ఊరిది, మందమెంత; క్రింద గ్రావెలు ఎన్ని అంగుళములు; వాటము ఏ దిక్కునకు; కొలత పఱచిన నేలకా, తెచ్చిన బండకా; కోతలో పోవు ముక్కల నష్టము ఎవరిది; మట్టి ఎత్తి పోయువారు ఎవరు; ఎన్ని దినములలో పని ముగియును. ఈ చివరి మాటలన్నియు చిన్నవిగా కనిపించును. తగవులు పెరుగునది అక్కడనే.

సొమ్ము ఒక్కసారిగా ఇచ్చుట తగదు. బయానా కొంత, గ్రావెలు గట్టిపడి కంటబడిన పిదప కొంత, పఱచుట ముగిసిన పిదప కొంత. పదింట ఒక వంతు మొదటి వాన వఱకు నిలుపుకొనుట ఉభయులకు ముందే తెలిసిన నియమముగా ఉండవలెను. అంతకును లోపము దిద్దని పక్షమున 2019 వినియోగదారుల రక్షణ చట్టము ఇంటివానికి దారి చూపును. వ్యాపారలాభమునకై చేయించిన పనికి సాధారణముగా ఆ చట్టము వర్తింపదు. కనుక వర్తకునికి ముందు వ్రాసుకొన్న కాగితమే రక్ష.

మేస్త్రీ పక్షము

ఇంతవఱకు చెప్పినది గృహస్థుని పక్షము. తక్కెడకు రెండవ సిబ్బెయు ఉన్నది. పని సగమైన తరువాత, "ఈ రంగు వద్దు, ఆ రంగు వేయించు" మనువారు కలరు. పని చక్కగా ముగిసినను, ఒక బండకు వెండ్రుకవంటి గీత చూపి మిగిలిన సొమ్మంతయు ఎగవేయువారు కలరు. ఆ సొమ్ము మేస్త్రీది మాత్రమే కాదు. ఎండలో గంపలు మోసిన కూలివారికి వారము తిరుగగనే ఇవ్వవలసినది అందులో ఉన్నది. యజమాని బిగించిన పిడికిలి చివరకు వారి పొయ్యిని ఆర్పును.

రాతి కోత సంగతియు అట్టిదే. యంత్రముతో పొడిగా కోయునప్పుడు లేచు దుమ్ము పనివాని ఊపిరితిత్తులలో చేరును. నీరు చల్లుచు కోయించుటకు ఖర్చు స్వల్పము. ఒక కుళాయి గొట్టము, ముక్కునకు ఒక గుడ్డకంటె మెఱుగైన ముసుగు అడిగి పెట్టించుట ఇంటివాని ధర్మము. తక్కువ ధర చెప్పినవాడు ఆ తగ్గింపును ఎక్కడనుండి తెచ్చుచున్నాడో ఆలోచింపవలెను. గ్రావెలునుండి తేనిచో కూలినుండి తెచ్చుచుండును.

మంచి మేస్త్రీని గుర్తించుట ఎట్లు? అతడు నిన్న ముగించిన పని చూచుట కాదు. నిన్నటి పని ఎవరిదైనను అందముగనే ఉండును. రెండు వానలు చూచిన పని ఎక్కడ ఉన్నదో అడిగి, పోయి, ఆ యింటివారితో మాట్లాడవలెను. అంతకంటె సులభమైన గుర్తు మఱియొకటి కలదు. ఒక మేస్త్రీ వచ్చుటతోడనే కొలతాడు తీసి, "ఎన్ని అడుగులండీ?" అని అడుగును. వేఱొకడు ముంగిలి నాలుగు మూలలు నడచి, చెట్టును చూచి, గుమ్మము ఎత్తు చూచి, "వానొస్తే ఇప్పుడు నీళ్ళెటు పోతున్నాయి బాబుగారూ?" అని అడుగును. పని ఈ రెండవవానికి ఇయ్యవలసినది. అతని ధర రెండు రూపాయలు ఎక్కువైనను, మొదటి వానకు గృహస్థుడు గుమ్మములో నిలిచి, నీరు తన దారిని తాను పోవుట చూచుచు నిశ్చింతగా నుండును. మొదటి వానకు తేలని లెక్క ఏ కాగితముపైనను తేలదు.