కాలేజీ వైఫైలో ‘డోంట్ వాలిడేట్’ ఎంచుకుంటున్నారా? ఒక్క నిమిషం ఆగండి!

నంద్యాలలో హాస్టల్‌లో ఉన్నా, ఆళ్లగడ్డ నుంచి రోజూ బస్సులో వచ్చినా, క్యాంపస్‌లోకి రాగానే మన ఫోన్ వెతికేది వైఫై సిగ్నలే. మరి అది ఎంత సేఫ్?

అందరికీ ఒకే పాస్‌వర్డ్ ఉన్న డబ్ల్యూపీఏ2 వైఫై అయితే కాస్త జాగ్రత్త. ఆ పాస్‌వర్డ్ తెలిసినవాళ్లు మీ ఫోన్ కనెక్ట్ అయ్యేటప్పుడు జరిగే హ్యాండ్‌షేక్‌ని పట్టుకుంటే, వైఫై ఎన్‌క్రిప్షన్‌ని విప్పేయొచ్చు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ దారి మూసేసింది.

యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్ట్ అయ్యే ఎంటర్‌ప్రైజ్ వైఫైలో ఎవరి కీ వాళ్లదే. ఇక్కడ చిక్కు వేరు. ఎవరైనా అదే పేరుతో నకిలీ వైఫై పెడితే, సర్టిఫికెట్ చెక్ చేయని ఫోన్ దాన్నే నమ్మేస్తుంది. మీ లాగిన్ వివరాలు దొంగ చేతికి చిక్కొచ్చు. అందుకే 2020 డిసెంబర్ అప్‌డేట్‌తో పిక్సెల్ ఫోన్లలో, ఆండ్రాయిడ్ 11లో గూగుల్ ‘డోంట్ వాలిడేట్’ ఆప్షన్‌నే తీసేసింది.

హెచ్‌టీటీపీఎస్ ఉంటే మీ మెసేజ్‌లు, పాస్‌వర్డ్‌లు బయటివాళ్లకి కనపడవు. కానీ ఏ సైట్‌కి వెళ్లారో నెట్‌వర్క్ అడ్మిన్‌కి సాధారణంగా తెలిసిపోతుంది.

కాబట్టి సర్టిఫికెట్, డొమైన్ వివరాలు కాలేజీ ల్యాబ్‌లో అడిగి సెట్ చేసుకోండి. వైఫై పాస్‌వర్డ్‌ని మెయిల్‌కి, బ్యాంక్‌కి మాత్రం అస్సలు వాడొద్దు!