నింగి కొలతకు గెనిమే సాక్షి

తిరుపతి: తాతల నాడు గొలుసు పట్టి కొలిచిన పొలాలను ఇప్పుడు ఉపగ్రహాల సాయంతో కొలుస్తున్నారు. 2020 డిసెంబరు 21న రాష్ట్రంలో మొదలైన భూముల రీసర్వేతో రోవరు అనే యంత్రం చేలల్లోకి వచ్చింది. విస్తీర్ణం తగ్గిందని రైతులు ఫిర్యాదు చేయడంతో 2024లో రీసర్వే ఆపి, గ్రామసభలు జరిపి, 2025లో తిరిగి ప్రారంభించారు. నింగి నుంచి వచ్చే కొలతను ఎంతవరకు నమ్మవచ్చన్నదే చిత్తూరు, తిరుపతి జిల్లాల రైతుల ముందున్న ప్రశ్న.

గడియారమే ప్రాణం

సుమారు 20 వేల కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాల సంకేతం తనను చేరడానికి పట్టిన సమయాన్ని బట్టి రోవరు దూరం లెక్క కడుతుంది. సెకనులో పది లక్షలవ వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పుతుంది. అందుకే ఉపగ్రహాల్లో అణు గడియారాలు అమర్చుతారు. 2013 జులై 1న శ్రీహరికోట నుంచి పంపిన తొలి నావిక్ ఉపగ్రహంలో దిగుమతి గడియారాలు తర్వాత చెడిపోయాయి. 2023 మే 29న అక్కడి నుంచే వెళ్లిన ఎన్‌వీఎస్-01లో స్వదేశీ గడియారం పెట్టారు.

మన ఉపగ్రహాలు మనకుండటం అవసరమే. జీపీఎస్ అమెరికాది. 2000 మే నెల వరకు మామూలు జనానికి అందే సంకేతంలో ఆ దేశం కావాలనే తేడా కలిపేది. దొంగ సంకేతాల బెడద కూడా ఉంది. 2025 నవంబరులో ఢిల్లీ విమానాశ్రయం దగ్గర కొన్ని విమానాలకు తప్పుడు జీపీఎస్ సంకేతాలు అందిన సంగతిని కేంద్రం పార్లమెంటుకు తెలిపింది.

తెర చూసి నమ్మాలి

రోవరుకు ఆకాశం బాగా కనిపించాలి. మామిడి, చింత చెట్ల కింద సంకేతం దెబ్బతింటుంది. పైగా స్థిర కేంద్రం పంపే సవరణ ఫోను నెట్‌వర్కు ద్వారా అందితేనే సెంటీమీటర్ల వరకు సరైన కొలత వస్తుంది. నెట్‌వర్కు అందని కొండ పల్లెల్లో ఇదే చిక్కు. రోవరు తెరపై ‘ఫిక్స్‌డ్’ అని ఉంటే సరే, ‘ఫ్లోట్’ అని ఉంటే ఆగి మళ్లీ కొలవాలి. వంద మీటర్ల గెనిమ ఒక్క మీటరు జరిగితే దాదాపు రెండున్నర సెంట్ల భూమి పోయినట్టే.

కర్ర ఎక్కడ నిలిపితే ఆ చోటునే యంత్రం చెబుతుంది. అది హద్దు అవునో కాదో చెప్పవలసింది ఇరుగు పొరుగు రైతులే. కొలిచే రోజు ఇద్దరూ చేనులో ఉండి, పాత సర్వే రాళ్లు చూపించి, తేడా ఉంటే రాతమూలకంగా అభ్యంతరం చెప్పుకోవాలి. 1923 నాటి సర్వే, సరిహద్దుల చట్టం రైతుకు ఆ హక్కు ఇచ్చింది.