పాటల నోటుబుక్కు ట్యాబ్‌లోకి మారితే: అపోహలు – వాస్తవాలు

బేతంచెర్ల, నంద్యాల, ఆళ్లగడ్డ వైపు పాటకు కొదవ లేదు. పెళ్లి రిసెప్షన్లలో ఆర్కెస్ట్రా, శ్రీరామనవమి పందిట్లో భజన, మద్దిలేటి నరసింహస్వామి సన్నిధిలో సంకీర్తన, ఆదివారం చర్చిలో కొయిర్ ఉంటాయి. వీటన్నిటిలోనూ వాయించేవాళ్ల ముందు ఏళ్ల తరబడి ఉన్నది అట్టలు ఊడిన పాటల నోటుబుక్కు. ఇప్పుడు ఆ చోటికి ట్యాబ్ వస్తోంది. దాంతోపాటు రెండు రకాల అపోహలూ వస్తున్నాయి. చూసి వాయించడం నామోషీ అన్నది పెద్దవాళ్ల మాట. ట్యాబ్ కొంటే చాలు, మిగతాదంతా అదే చూసుకుంటుందన్నది కుర్రవాళ్ల నమ్మకం. నా లెక్కన రెండోదానితోనే ఎక్కువ నష్టం. ఎందుకంటే అసలు కష్టం పేజీని తయారుచేయడంలో ఉంది, అందులోనూ తెలుగు పేజీని.

అపోహ: చూసి వాయించేవాడు సంగీతకారుడే కాదు, మన సంగీతం అంతా నోటికి వచ్చినదే.

ఆళ్లగడ్డ నుంచి అహోబిలం ఎంతో దూరం లేదు. అన్నమాచార్యులు అక్కడి శఠకోప యతి దగ్గర చదువుకున్నాడని సంప్రదాయం చెబుతుంది. ఆయన సంకీర్తనలు మనకు దక్కింది రాగిరేకుల మీద చెక్కి ఉంచడం వల్లే. ప్రతి సంకీర్తనకూ పైన రాగం పేరు ఉంది, కింద పల్లవి, చరణాలు ఉన్నాయి. ఈ రోజు ట్యాబ్‌లో మనం పెట్టుకునే పేజీ తీరు కూడా అదే. స్వరలిపి సంగతికొస్తే, సుబ్బరామ దీక్షితులు 1904లో ఎట్టయాపురం నుంచి వెలువరించిన ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ తెలుగు లిపిలోనే అచ్చయింది. గమకాలకు ప్రత్యేకమైన గుర్తులు కూడా అందులో ఉన్నాయి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తెరిచినా కీర్తన పైన రాగం, తాళం కనిపిస్తాయి. కార్డ్స్ (పాటకు తోడుగా కలిపి వాయించే స్వరాల గుంపులు) ఉండవు కాబట్టి కీబోర్డు వాయించేవాళ్లు వాటిని పెన్సిలుతో పైన రాసుకుంటారు.

అయితే పెద్దవాళ్ల మాటలో ఒక నిజం ఉంది, దాన్ని కొట్టిపారేయకూడదు. పద్యనాటకంలో హార్మోనిస్టు కళ్లు నటుడి నోటి మీదే ఉండాలి. పద్యం చివర రాగం ఎంతసేపు సాగుతుందో, ఎక్కడ ఆగుతుందో ఏ పేజీ మీదా రాసి ఉండదు. పండరి భజనలో గురువు వేగం పెంచే క్షణమూ అంతే. అలాంటి చోట ముందు తెర పెట్టుకుని తల వంచితే పాట చెడుతుంది. ఒకే రాత్రి నలభై సినిమా పాటలు, అదీ జనం చీటీలు పంపి అడిగినవి వాయించాల్సిన ఆర్కెస్ట్రా కుర్రాడి అవసరం వేరు.

అపోహ: నోటుబుక్కును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకుంటే సరిపోతుంది.

వాట్సాప్‌లో ఫొటోగా పంపిన బొమ్మ కుదించుకుపోతుంది. ఫోనులో చక్కగా కనిపించిన ఒత్తులు, పెన్సిలుతో రాసిన కార్డ్స్ స్టేజీ మీద మూడడుగుల దూరం నుంచి అలుక్కుపోయినట్టు ఉంటాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంటుగా పంపాలి. ఇంకో చిక్కు ఏమిటంటే ఫొటోను వేళ్లతో పెద్దది చేస్తే పక్క చరణం తెర దాటిపోతుంది. దాన్ని జరపడానికి కీబోర్డు మీది చెయ్యి తీయాలి. ఫొటోలు గ్యాలరీలో తేదీ వరసలో ఉంటాయి గానీ పాట పేరు వరసలో ఉండవు. పెళ్లిలో ఎవరో ఒక పాట అడిగినప్పుడు గ్యాలరీలో పెళ్లి భోజనాల ఫొటోల మధ్య దాన్ని వెతుక్కోవడం అయ్యే పని కాదు. అందుకే పాటను టైపు చేసుకోవాలి. అసలు సంగతి ఇక్కడే మొదలవుతుంది.

అపోహ: తెలుగులో టైపు చేసి పైన కార్డ్స్ పెడితే అయిపోతుంది.

ముందు ఫాంట్ల గొడవ. మన ఊళ్లలో డీటీపీ సెంటర్లు చాలా ఏళ్లు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో పాటల పుస్తకాలు కొట్టిచ్చాయి. ఆ ఫైలును ట్యాబ్‌లో నేరుగా తెరిస్తే తెలుగు కనిపించదు, అర్థంలేని ఇంగ్లిషు గుర్తులు వస్తాయి. ఆ ఫాంట్లలో తెలుగు బొమ్మల వెనక ఉన్నవి వేరే సంకేతాలు మరి. పీడీఎఫ్ చేయించుకుంటే కనిపిస్తుంది కానీ అక్షరం పెద్దది చేస్తే లైన్లు తెరకు సర్దుకోవు, మాటను వెతకలేం. అను నుంచి యూనికోడ్‌కు మార్చే పనిముట్లు ఉన్నాయి. మార్చిన తర్వాత ఒకరు కూర్చుని మాటమాటా సరిచూసుకోవాలి, ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి.

తర్వాత కార్డ్స్‌ను సరైన అక్షరం మీద నిలబెట్టడం. ఇంగ్లిషు పాటలకు ఒక లైనులో కార్డ్స్, దాని కింద లైనులో సాహిత్యం రాసి, ఖాళీలు కొట్టి సరిచేసుకోవడం అలవాటు. ఇంగ్లిషులో ప్రతి అక్షరానికీ ఒకే వెడల్పు ఉండే ఫాంట్లు ఉన్నాయి కనుక అక్కడ అది నడుస్తుంది. తెలుగులో ‘ర’ ఇరుకు, ‘ఘ’ వెడల్పు, ‘స్త్రీ’ ఇంకో తీరు. ఫాంట్ మారినా, సైజు పెంచితే లైను విరిగినా చాలు, ఒక మాట మీద ఉండాల్సిన కార్డు ఇంకో మాట మీదికి పోతుంది. ఫైలు ఇంకొకరి ట్యాబ్‌లో తెరిస్తే వరస మళ్లీ మారుతుంది.

దీనికి మంచి విరుగుడు కార్డ్‌ప్రో అనే రాత పద్ధతి. 1990ల నుంచీ వాడుకలో ఉంది, చాలా యాప్‌లు దాన్ని చదువుతాయి. ఇందులో కార్డు పేరును చదరపు బ్రాకెట్లలో పెట్టి, అది ఏ అక్షరం దగ్గర మారాలో సరిగ్గా ఆ అక్షరానికి ముందు సాహిత్యంలోనే రాస్తారు. యాప్ దాన్ని తీసి అక్షరం పైన నిలబెడుతుంది. సైజు మార్చినా, తెర తిప్పినా కార్డు తన అక్షరాన్ని వదలదు. తెలుగువాళ్లు ఒక్క జాగ్రత్త పడాలి. ‘స్తోత్రం’ అన్న మాటలో ‘స్తో’ మనకు ఒకే అక్షరం. ట్యాబ్‌కు మాత్రం అది స, విరామం, త, ఓత్వం అనే నాలుగు సంకేతాలు. బ్రాకెట్టు వీటి మధ్యలో పడితే అక్షరం విరిగిపోతుంది, ఓత్వం విడిగా ఒక చుక్కల వలయం మీద వేలాడుతుంది. బ్రాకెట్టు ఎప్పుడూ పూర్తి అక్షరానికి ముందే ఉండాలి. అలాగే కార్డు పేర్లను ఇంగ్లిషు అక్షరాల్లోనే రాయాలి. ‘జి మైనర్’ అని తెలుగులో రాస్తే మనకు అర్థమవుతుంది కానీ యాప్ దాన్ని కార్డుగా గుర్తించదు, శ్రుతి మార్చమంటే కదలదు. కొత్త యాప్ ఏది తీసుకున్నా ముందు ‘లక్ష్మి’, ‘స్త్రీ’, ‘శాస్త్రం’ అని కొట్టి చూడండి. ఆ మూడూ సరిగా కనిపిస్తే మిగతా పాటలకు దిగండి.

ఇంకొకటి మన పాట నిర్మాణానికి సంబంధించినది. ప్రతి చరణం అయ్యాక పల్లవికి రావాలి. పాట రెండు పేజీలైతే ప్రతిసారీ వెనక్కి తిప్పాలి, మళ్లీ ముందుకు తిప్పాలి. చరణం కిందే పల్లవి మొదటి లైనును కార్డ్స్‌తో సహా ఇంకోసారి రాసుకుంటే ఈ పాట్లు తప్పుతాయి. పల్లవి, మూడు చరణాలుండే అన్నమయ్య సంకీర్తన మాత్రం సాధారణంగా ఒకే తెర మీద హాయిగా ఇముడుతుంది.

అపోహ: శ్రుతి మార్చడం బటన్ నొక్కినంత సులువు.

ఒక రకంగా సులువే. రెండు శ్రుతిలో (డి) ఉన్న పాటను పాడేవారికి అనుకూలంగా నాలుగు శ్రుతికి (ఎఫ్) మార్చమంటే యాప్ క్షణంలో డి, జి, ఎ, బి మైనర్‌లను ఎఫ్, బి ఫ్లాట్, సి, డి మైనర్‌లుగా మార్చి చూపిస్తుంది. అయితే అది మార్చేది రాతను మాత్రమే. కీబోర్డులో ఉండే ట్రాన్స్‌పోజ్ బటన్ ధ్వనిని మారుస్తుంది. ఒకరు యాప్‌లో మార్చి, కంగారులో కీబోర్డులోనూ మారిస్తే పాట రెండుసార్లు ఎక్కుతుంది. నాలుగు శ్రుతిలో ఉండాల్సింది ఐదున్నర దగ్గర తేలుతుంది. గిటారు కుర్రాడు తీగల మీద బిగించి శ్రుతి పెంచే కేపో కూడా పెట్టాడంటే పాడేవారు, కీబోర్డు, గిటారు ముగ్గురూ మూడు శ్రుతుల్లో ఉంటారు. ఎక్కడ మారుస్తామో జట్టంతా ముందే ఒక మాట అనుకోవాలి. యాప్‌లో మారిస్తే కీబోర్డు సున్నా దగ్గరే ఉండాలి.

అపోహ: ఇంటర్నెట్ లేకపోతే ట్యాబ్ దండగ.

పాటలు ట్యాబ్‌లోనే దాచుకుంటే నెట్ అక్కర్లేదు. గుట్టల మధ్య ఊళ్లో సిగ్నల్ పోయినా పాట పోదు. నిజానికి కార్యక్రమం జరిగేటప్పుడు విమానం మోడ్‌లో పెట్టి, కాలితో పేజీ తిప్పే పెడల్ ఉంటే బ్లూటూత్ ఒక్కటి వేసుకోవడమే మంచిది. అప్పుడు మంగళసూత్రధారణ వేళ తెర మీద ఎవరి ఫోనూ రాదు.

అపోహ: పెద్ద ఐప్యాడ్, పెడల్ లేనిదే పని జరగదు.

2012లో బ్రసెల్స్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రా కాగితం పక్కన పెట్టి శాంసంగ్ గెలాక్సీ నోట్ 10.1 ట్యాబ్‌లతో కచేరీ చేసింది. వాళ్లది పేజీల కొద్దీ స్టాఫ్ నొటేషన్. అది ఏ4 కాగితానికి సరిపడా రాసినది. పది అంగుళాల వెడల్పాటి ట్యాబ్‌ను నిలువుగా పెడితే ఆ పేజీ మూడింట రెండు వంతులకు కుంచించుకుపోతుంది. చిన్న చుక్కలు చదవాల్సిన వాళ్లకు 12.9 అంగుళాల తెర నిజంగానే అవసరం. మన సాహిత్యం, కార్డ్స్ మాత్రం తెరను బట్టి సర్దుకుంటాయి. పది అంగుళాల మామూలు ఆండ్రాయిడ్ ట్యాబ్ చాలు. పెడల్ అనేది ట్యాబ్ దృష్టిలో ఒక చిన్న కీబోర్డు, పేజీ మార్చే మీటలు పంపుతుంది, అంతే. అందుకే అది తగిలించగానే కొన్ని ట్యాబ్‌లలో తెర మీది టైపింగ్ మీటలు మాయమవుతాయి. అది చెడిపోయిందనుకుని కంగారు పడొద్దు. రెండు చేతులకూ పని ఉన్న హార్మోనియం, కీబోర్డు వాళ్లకు పెడల్ మంచి తోడు. పాడేవాళ్లకు పెద్దగా అవసరం లేదు.

అపోహ: భయపడాల్సింది బ్యాటరీ గురించే.

నిండుగా చార్జి చేసిన మంచి ట్యాబ్ ఒక సాయంత్రం కార్యక్రమాన్ని సులువుగా దాటిస్తుంది. కరెంటు పోతే కాగితం కనిపించదు, ట్యాబ్ కనిపిస్తుంది. మన దగ్గర అసలు శత్రువు ఎండ. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని ఆపిల్ చెబుతుంది. నంద్యాల జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు. పెళ్లిళ్లూ ఆ నెలల్లోనే ఉంటాయి, శ్రీరామనవమీ ఆ ఎండలు మొదలయ్యే రోజుల్లోనే వస్తుంది. వేడెక్కిన ట్యాబ్ ముందు తెర వెలుగు తగ్గించుకుంటుంది, తర్వాత చార్జింగు ఆపేస్తుంది, చివరికి చల్లారేదాకా పనిచేయనని హెచ్చరిక చూపించి ఊరుకుంటుంది. ఎండలో అక్షరాలు కనిపించడం లేదని మనం వెలుగు పూర్తిగా పెంచుతాం, దాంతో అది ఇంకా త్వరగా వేడెక్కుతుంది.

చేయాల్సినవి చిన్న పనులే. స్టేజీ ఎక్కేదాకా ట్యాబ్‌ను కారులోనో, ఎండ పడే బల్ల మీదో వదలొద్దు. వాయించేటప్పుడు చార్జింగులో పెట్టొద్దు. మందమైన రబ్బరు కవరు తీసేయండి. స్టాండును నీడ ఉన్న వైపు తిప్పుకోండి. వేడెక్కిందని ఐసు పెట్టెలోనో, ఫ్రిజ్‌లోనో పెట్టడం మాత్రం ప్రమాదం, లోపల తేమ పేరుకుంటుంది. చెమట పట్టిన వేలితో తాకితే తెర సరిగా స్పందించకపోవచ్చు, ఒక పొడి గుడ్డ దగ్గర ఉంచుకోవాలి. రాత్రి కార్యక్రమాల్లో నల్లని తెర మీద తెల్ల అక్షరాలు పెట్టుకుంటే కంటికీ హాయి, పాడేవారి మొహం మీద వెలుగూ పడదు.

అపోహ: ట్యాబ్ వచ్చాక పుస్తకం అక్కర్లేదు, ఎవరి పాటల ఫైలైనా అందరికీ పంచేయొచ్చు.

ట్యాబ్ కింద పడొచ్చు, తెర పగలొచ్చు. ఆ రోజు పాడబోయే పాటల వరసైనా ఒక కాగితం మీద ఉండాలి. మొత్తం ఫైళ్ల కాపీ జట్టులో రెండో మనిషి ఫోనులోనూ ఉండాలి.

పంచుకోవడం గురించి చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1957 నాటి మన కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల వరకు రచనకు హక్కులుంటాయి. అన్నమయ్య సాహిత్యం అందరిదీ. సుబ్బరామ దీక్షితులు 1906లో కాలం చేశారు, ఆయన స్వరలిపిని నిశ్చింతగా టైపు చేసి పంచొచ్చు. కానీ అన్నమయ్య సంకీర్తనలకు మన సీమవారే అయిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ కట్టిన బాణీల సంగతి వేరు. ఆయన 1979లో కాలం చేశారు. ఆ లెక్కన ఆయన రాసిన స్వరలిపికి 2039 చివరి దాకా రక్షణ ఉంటుంది. సొంతంగా నేర్చుకోవడానికి రాసుకోవడం ఒకటి, ఆ పుస్తకాన్ని స్కాన్ చేసి వంద గ్రూపుల్లో పెట్టడం ఇంకొకటి. రెండోదానికి ముందు ప్రచురించినవాళ్ల అనుమతి తీసుకోవాలి.