గ్రామ సమష్టి యాజమాన్యంలో బ్రాడ్‌బ్యాండ్‌కు పెట్టుబడి: పెద్దకడుబూరు వంటి వలస మండలాల దృష్ట్యా ఒక పరిశీలన

కర్నూలు జిల్లా పశ్చిమాన ఆదోనికి, ఎమ్మిగనూరుకు చేరువలో ఉన్న పెద్దకడుబూరు మండలం అల్ప వర్షపాత ప్రాంతానికి చెందినది. సాలీనా వర్షపాతం 500 నుండి 750 మిల్లీమీటర్ల మధ్య ఉండే ఈ ప్రాంతంలో పత్తి, వేరుశనగ, ఆముదం, కంది ప్రధానంగా వర్షాధారంగానే సాగవుతున్నాయి. తుంగభద్ర దిగువ కాలువ నీరు అందే భూములున్నప్పటికీ, కాలువ చివరి రైతుకు నీరు ఎప్పుడు వచ్చునో, ఎంత వచ్చునో నిశ్చయం లేదు. ఖరీఫ్ పత్తి తీత ముగియగానే అనేక కుటుంబాలు సుగ్గికి బయలుదేరి, గుంటూరు ప్రాంతపు మిరప కోతలకో, తెలంగాణ పత్తి చేలకో, బెంగళూరు కట్టడపు పనులకో వెళ్లి ఉగాది నాటికి తిరిగివస్తాయి. ఈ వలసకూ, బ్రాడ్‌బ్యాండ్ పెట్టుబడికీ గల సంబంధమే ఈ వ్యాసంలోని ప్రధానాంశం.

సేద్యశాస్త్రానికి తీగలతో, రుసుములతో పని ఏమిటని విద్యార్థులకు సందేహం కలుగవచ్చు. నేటి విస్తరణ కార్యక్రమం చాలావరకు సమాచార వ్యవస్థపై ఆధారపడి నడుస్తున్నది. ఇ-పంట నమోదుకు పొలం ఛాయాచిత్రం పంపవలెను. రైతు ఇ-కేవైసీ పూర్తిచేయవలెను. బీమా, పంట నష్ట పరిహారం ఆ నమోదుపైనే ఆధారపడతాయి. పత్తి గూడలో గులాబీ రంగు పురుగు కనబడినప్పుడు ఆదోని వ్యవసాయ పరిశోధన స్థానానికో, బనవాసి కృషి విజ్ఞాన కేంద్రానికో స్పష్టమైన చిత్రం అదే పూట చేరితే సలహాకు విలువ ఉంటుంది. నాలుగు రోజుల తరువాత చేరితే పురుగు కాయలోపలికి పోయి ఉంటుంది. చేతిలో సెల్‌ఫోను ఉన్నది కనుక అంతర్జాలం ఉన్నట్లేనని మన నివేదికలు తరచుగా భావిస్తున్నాయి. సందేశం చదువుకొనుటకు చాలే సంకేతం వేరు, ఒక గ్రామంలోని రైతులందరూ వారం రోజులలో చిత్రాలు పంపగల సామర్థ్యం వేరు.

రాష్ట్రంలో వెన్నెముక వంటి ప్రధాన మార్గం ఇప్పటికే ఉన్నది. భూమిని తవ్వకుండా విద్యుత్ స్తంభాలమీదుగా కేబుల్ లాగే పద్ధతిని ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఫైబర్‌నెట్ సంస్థ అనుసరించింది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ ఈ వ్యవస్థను ప్రారంభించారు. నెలకు 149 రూపాయలకు టెలివిజన్, టెలిఫోన్, అంతర్జాలం మూడూ ఇచ్చే పథకం అప్పుడు దేశమంతటా చర్చకు వచ్చింది. భారత్‌నెట్ రెండవ దశను కూడ మన రాష్ట్రంలో ఈ సంస్థ ద్వారానే చేపట్టారు. అయితే పంచాయతీ కార్యాలయం వరకు వచ్చిన కేబుల్‌ను ఇంటింటికి చేర్చే బాధ్యత స్థానిక కేబుల్ నిర్వాహకునిది. ఇండ్లు దగ్గరగా ఉండి, నెలనెలా రుసుము వచ్చే ఊళ్లలో అతనికి గిట్టుబాటవుతుంది. మూడు నాలుగు నెలలు సగం వీధులు తాళాలు వేసి ఉండే ఊళ్లకు అతడు రాడు. అతనిని తప్పుపట్టుటకు లేదు. అతని లెక్క అతనిది. ఆ చివరి అంచెను ఊరివారే సొంతం చేసుకొని నడపగలరా అన్నదే ప్రశ్న.

తెలుగునాట ఇటువంటి ప్రయోగం విద్యుత్తు విషయంలో జరిగింది. 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ ఏర్పడిన తరువాత, దాని రుణసాయంతో దేశంలో ఐదు చోట్ల గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రయోగాత్మకంగా స్థాపించారు. వాటిలో ఒకటి నాటి కరీంనగర్ జిల్లాలోని సిరిసిల్ల. 1970లో పని ప్రారంభించిన ఆ సంఘంలో వినియోగదారులే సభ్యులు. పాలకవర్గాన్ని వారే ఎన్నుకుంటారు. మరమగ్గాలకూ, వ్యవసాయ పంపుసెట్లకూ అది నేటికీ విద్యుత్ సరఫరా చేస్తున్నది. సంఘం సొంతంగా విద్యుత్తు ఉత్పత్తి చేయదు. టోకుగా కొని చిల్లరగా పంచుతుంది. స్తంభాలు, తీగలు వేయుటకు దీర్ఘకాలిక రుణం లభించినందువలన ఆరంభం సాధ్యమైంది. కాని అర్ధ శతాబ్దం పాటు సంఘం నిలవడానికి చవకైన టోకు ధర అంతకంటె ముఖ్యమని నా అభిప్రాయం.

అమెరికాలో 1935 నాటికి పదింట ఒక్క వ్యవసాయ కుటుంబానికి మాత్రమే విద్యుత్తు ఉండేది. లాభం రాదని ప్రైవేటు కంపెనీలు వదిలివేసిన పల్లెలలో రైతులే సహకార సంఘాలు పెట్టుకోగా, 1936 చట్టం ద్వారా ప్రభుత్వం వారికి నేరుగా రుణాలిచ్చింది. 1944 నుండి ఆ రుణాలకు వడ్డీ నూటికి 2, గడువు 35 సంవత్సరాలు. 1949లో అదే పద్ధతిని టెలిఫోన్‌కు విస్తరించారు. మన గ్రామ సంఘం ఏ బ్యాంకును ఆశ్రయించినా అటువంటి గడువు దొరకదు. అందుచేత ఆ ఉదాహరణను ఉత్సాహంగా ఉటంకించేముందు వడ్డీనీ, గడువునూ చూడవలెను.

ఇప్పుడు లెక్కకు వద్దాము. ఇది ఏ గ్రామపు వాస్తవ గణాంకమూ కాదు. తర్కం స్పష్టపడుటకు వేసిన ఊహాలెక్క మాత్రమే. పన్నులను ఇందులో చేర్చలేదు. ఒక గ్రామంలో 200 కనెక్షన్లు అనుకొందాము. ఇంటికి కేబుల్, పరికరం, బిగింపు కలిపి 5,000 రూపాయల చొప్పున 10 లక్షలు. ఉమ్మడి పరికరాలు, బ్యాటరీలకు 2 లక్షలు. వెరసి 12 లక్షలు. సభ్యుని వాటా వెయ్యి రూపాయల చొప్పున 2 లక్షలు, గ్రాంటు 4 లక్షలు పోగా మిగిలిన 6 లక్షలు రుణం. నూటికి 9 వడ్డీపై ఏడు సంవత్సరాలలో తీర్చవలెనంటే నెల వాయిదా సుమారు 9,650 రూపాయలు. నెలసరి రుసుము 250 చొప్పున రాబడి 50,000. టోకు ధర కనెక్షనుకు 120 చొప్పున 24,000; లైనుమన్ వేతనం 10,000; కరెంటు, మరమ్మతు, స్తంభాల అద్దె, తరుగుదల నిధి కలిపి 5,000. వాయిదాతో కలిపి ఖర్చు 48,650. నెలకు 1,350 రూపాయలు మిగులుతాయి. ప్రతిపాదన పత్రంలో ఇంతవరకే వ్రాస్తే ఏ అధికారి అయినా ఆమోదిస్తాడు.

సుగ్గి కాలంలో ఏమవుతుంది? నాలుగు నెలలు 80 ఇండ్లు మూతపడినవనుకొందాము. రాబడి 30,000కు దిగుతుంది. వేతనం, నిర్వహణ, వాయిదా కలిపి 24,650 రూపాయలు మాత్రం తగ్గవు. టోకు ధరను నడుస్తున్న కనెక్షన్లకే లెక్కగడితే అది 14,400. అప్పుడు నెలకు లోటు 9,050, నాలుగు నెలలకు 36,200. మిగతా ఎనిమిది నెలల మిగులు 10,800 మాత్రమే కనుక సంవత్సరాంతానికి 25,400 రూపాయల నష్టం. టోకు ధర 24,000 స్థిరంగా కట్టవలసివస్తే నెల లోటు 18,650కి చేరి సంవత్సరపు నష్టం 63,800 అవుతుంది. గ్రామం అదే, కనెక్షన్లు అవే, రుసుమూ అదే. టోకు ఒప్పందంలోని ఒక్క షరతు వలన నష్టం రెండున్నర రెట్లయింది. గ్రాంటు ఎంత ఇవ్వవలెనన్న చర్చకు ముందు ఈ షరతును గూర్చి మాట్లాడవలసి ఉన్నది.

మూతపడిన ఇంటినుండి పూర్తి రుసుము వసూలు చేయడం న్యాయం కాదు, సాధ్యమూ కాదు. కాని సభ్యుడు తన వంతు నిలుపుకొనుటకు నెలకు 80 రూపాయల నిలుపుదల రుసుము అంగీకరిస్తే, 80 ఇండ్లపై నాలుగు నెలలకు 25,600 వస్తుంది; మొదటి సందర్భంలోని నష్టం దాదాపు సరిగ్గా పూడుతుంది. దీనిని సుగ్గికి వెళ్లేముందు, పత్తి అమ్మిన సొమ్ము చేతిలో ఉన్నప్పుడు ఒకేసారి వసూలు చేయవలెను. పంట రుణాల తీర్మానంలో మనం పాటించే సూత్రమే ఇది. బ్యాంకు వాయిదాను కూడ నెలనెలా కాక, పత్తి రాబడి అనంతరం ఒకమారు, సుగ్గినుండి తిరిగివచ్చాక మరొకమారు ఉండునట్లు కోరవచ్చును. ట్రాక్టరు రుణాలకు అర్ధవార్షిక వాయిదాలు మన బ్యాంకులకు కొత్త కాదు.

సొమ్ము ఎక్కడినుండి రావలెనన్న విషయంలో మార్గాలు లేకపోలేదు. టెలికాం కంపెనీల రాబడినుండి వసూలయ్యే సార్వత్రిక సేవా నిధికి 2003లో చట్టబద్ధత లభించింది. 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం దానిని డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. గ్రాంటు భాగం సహజంగా అక్కడినుండి రావలసినది. 2020 డిసెంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం-వాణి పథకం ప్రకారం వైఫై కేంద్రం నడుపుటకు లైసెన్సు అవసరం లేదు. ఇంటింటికి కేబుల్ లాగేముందు రచ్చకట్ట వద్ద, రైతు సేవా కేంద్రం వద్ద అటువంటి కేంద్రం పెట్టి గిరాకీని పరీక్షించుట వివేకం.

సభ్యుల వాటా నగదు రూపంలోనే ఉండనక్కరలేదు. ఇంగ్లండులోని లాంకషైర్ పల్లెలలో 2011లో ఏర్పడిన బీ4ఆర్‌ఎన్ అనే సంఘం వాటాలు అమ్మి పెట్టుబడి కూర్చుకొన్నది. రైతులు తమ పొలాల గుండా దారిని ఉచితంగా ఇచ్చారు. కందకాలు తవ్విన శ్రమను మీటరుకు ఇంత అని లెక్కగట్టి వాటాలుగా ఇచ్చే వీలు కల్పించారు. ఎన్ని వాటాలున్నా సభ్యునికి ఓటు ఒక్కటే. మనవద్ద స్తంభాలపై కేబుల్ లాగుతాము కనుక తవ్వకం అంతగా ఉండదు. అయినా కూలి దొరకకనే సుగ్గికి పోయే ఊరిలో, శ్రమను వాటాగా మార్చే ఆలోచనకు అక్కడికంటె ఇక్కడే ఎక్కువ అర్థమున్నది. కాని పూట కూలిపై బ్రతికే కుటుంబాన్ని మొత్తం శ్రమ వాటాకే ఇమ్మనుట తగదు. సగం నగదు, సగం వాటా అనుట సమంజసం.

సంఘం పెట్టుటకు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అనువైనది. ప్రభుత్వ వాటాధనం లేకుండ సభ్యుల సొమ్ముతో, సభ్యుల నిర్ణయాలతో నడిచే సంఘాలకు అది అవకాశమిస్తుంది. మహిళా స్వయం సహాయక సంఘాల మండల సమాఖ్యలు ఈ చట్టం క్రిందనే నమోదవుతూ వచ్చాయి. లెక్కలు వ్రాయడం, వాయిదాలు వసూలు చేయడం వారికి అలవాటైన పని. అయితే 2010 నాటి సూక్ష్మరుణ సంక్షోభం, ఆ అక్టోబరులో వచ్చిన ఆర్డినెన్సు ఇంకా మరువరానివి. బ్రాడ్‌బ్యాండ్ రుణానికి సభ్యురాలి పొదుపును పూచీగా పెట్టరాదని నియమావళిలోనే వ్రాయించవలెను.

ఎమ్మిగనూరుకు సహకారం కొత్త మాట కాదు. మాచాని సోమప్ప గారు 1938లో చేనేతవారి సహకార సంఘాన్ని స్థాపించినది అక్కడనే. ఇక 1997 సాగునీటి సంఘాల చట్టం మరొక అనుభవాన్ని మిగిల్చింది. కాలువ నిర్వహణ రైతులకు అప్పగించినప్పటికీ, ఎగువనుండి నీటి విడుదల వారి చేతిలో లేనందున చివరి భూముల సంఘాలు నిస్సహాయంగా మిగిలాయి. బ్రాడ్‌బ్యాండ్‌లోనూ చివరి అంచె సంఘానిదై, ఎగువ సామర్థ్యం, ధర మరొకరి చేతిలో ఉంటాయి. కేబుల్ తెగితే ఎన్ని గంటలలో బాగుచేయవలెను, ఎంత వేగం తగ్గితే టోకు ధరలో ఎంత కోత అన్నవి వ్రాతపూర్వకంగా లేకుండా గ్రామస్థులచేత వాటాలు కొనిపించరాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు ఇందులో చేయదగిన పని ఒకటున్నది. గృహ సర్వేలలో కుటుంబాల సంఖ్యను ఒక్కమారు నమోదు చేసి ఊరుకుంటున్నాము. దానికి బదులు పన్నెండు నెలలకు పన్నెండు గళ్లు గీసి, ఏ నెలలో ఎన్ని ఇండ్లు తెరచి ఉంటాయో, ఇంట్లో మిగిలేది ముసలివారా, చదువుకొనే పిల్లలా, పత్తి సొమ్ము ఏ పక్షంలో చేతికి వస్తుందో వ్రాసుకొనవలెను. వీలైతే వరుసగా రెండు సంవత్సరాలు, అందులో ఒకటి వర్షాభావ సంవత్సరమైతే మరీ మంచిది. వానలు కురిసిన ఏడాది సుగ్గికి పోయేవారు తగ్గుతారు; ఆ ఒక్క ఏడాది అంకెలతో వాయిదాలు నిర్ణయిస్తే, తరువాతి కరువు ఏట సంఘం ముందు ఆపేది లైనుమన్ వేతనమే.