సన్నని సెగపై కోడి షేర్వా

"నిదానమే ప్రధానము" అనియు, "ఆలస్యం అమృతం విషం" అనియు మన పెద్దలు రెండు మాటలు చెప్పియున్నారు. ఈ రెండును పరస్పర విరుద్ధములుగా తోచును గాని, వంటయింటిలో రెంటికిని తావు కలదు. వండునప్పుడు మొదటిది, వడ్డించునప్పుడు రెండవది పాటింపవలెను. ఈ వ్యాసమున పిండిపదార్థము మిక్కిలి తక్కువగా ఉండునట్లు, సన్నని సెగపై గంటల తరబడి కోడిమాంసపు షేర్వాను వండు విధానమును, అట్లు వండుటకు గల కారణములను వివరింపదలచితిని.

కళాశాల వార్షిక సంచికలో వంటను గూర్చిన వ్యాసమేల యని కొందరు అడుగవచ్చును. తరగతి గదిలో "మీ ఇంట ఎవరికైనను షుగరు కలదా?" అని ప్రశ్నించి, లేచిన చేతులను లెక్కించినచో ఆ ప్రశ్నకు సమాధానము దొరకును. భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యమున జరిగిన దేశవ్యాప్త సర్వే ఫలితములు 2023లో వెలువడెను. వాటి ప్రకారము మన దేశమున మధుమేహముగలవారు సుమారు 10 కోట్ల 10 లక్షల మంది. ఆ వ్యాధి అంచున నిలిచినవారు మరి 13 కోట్ల 60 లక్షల మంది.

మన ప్రాంతపు పళ్ళెము ఒక తరములో ఎంత మారినదో గమనింపుడు. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల మెట్ట పొలములలో పూర్వము జొన్న, సజ్జ, కొర్ర ప్రధానముగా పండెడివి. వరి అన్నము పండుగనాటి భోజనము. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చెను. తరువాతి కాలమున కల్వకుర్తి ఎత్తిపోతల పథకము వంటి వాటివలన శ్రీశైలము వెనుక జలములు మన చెరువులకును పొలములకును చేరెను. ఆకలి తీరుట గొప్ప మేలు. దానిని తక్కువచేయుట కృతఘ్నత యగును. ఐతే పొలములో కాయకష్టము చేసినవారు తినెడి పరిమాణమునే, కుర్చీలో కూర్చుండువారును మూడు పూటలు తినుచుండుట వలన చిక్కు వచ్చినది.

జొన్నరొట్టె తిన్నచో చాలునని మనలో పెక్కుమంది తలంతురు. జొన్నలో పీచు ఉన్నమాట నిజమే. కాని వంద గ్రాముల జొన్నపిండిలో పిండిపదార్థము సుమారు 70 గ్రాములు. బియ్యములో సుమారు 78 గ్రాములు. రెంటికిని భేదము స్వల్పము. పిండిపదార్థపు మొత్తమును తగ్గింపక, బియ్యమునకు బదులు చిరుధాన్యములను మాత్రము మార్చుకొనినచో మధుమేహపు ముప్పు తగ్గదని అదే సర్వే ఆధారముగా 2025లో ప్రచురితమైన పరిశోధన తెలిపినది. కనుక ధాన్యము పేరు మార్చుట కంటె దాని మొత్తమును తగ్గించుట ముఖ్యము. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడ 2024లో ఇచ్చిన మార్గదర్శకములలో దినభోజనపు శక్తిలో ధాన్యముల వంతు నూటికి 45కు మించరాదని చెప్పెను. ఇది నూతన భావము కాదు. 1921లో టొరాంటో నగరమున ఇన్సులిన్ కనుగొనబడుటకు పూర్వము, పిండిపదార్థమును తగ్గించుట తప్ప వైద్యులకు వేరు మార్గము లేకుండెను.

ఇక్కడ ఒక ఇక్కట్టు కలదు. "అన్నము తగ్గించుము" అని వైద్యుడు సులభముగా చెప్పును. కాని మన కూర అంతయు అన్నమునకు ఆధరువుగా పుట్టినది. ఉప్పు, కారము, పులుపు ఘాటుగా ఉండుటవలన ఒక ముద్ద కూరకు నాలుగు ముద్దల అన్నము కోరును. అట్టి కూరను ఒంటిగా తినుట ఎవరి తరము? ఇంటిలో రోగి సాధారణముగా తల్లియైనచో సంగతి మరింత కష్టము. ఆమె అందరికి వండి, తనకు వేరుగా మరియొకటి వండుకొనదు. చివరకు గిన్నెలో మిగిలిన అన్నము, అడుగున మిగిలిన పులుసు ఆమె భోజనమగును. కావున మనకు కావలసినది రోగికి ప్రత్యేకించిన పథ్యము కాదు. ఒకే పాత్రలో ఇంటిల్లిపాదికి వండబడి, కావలసినవారు అన్నముతోను రొట్టెతోను తినుటకును, రోగి ఒక పెద్ద గిన్నెడు ఒంటిగా తిని కడుపు నింపుకొనుటకును తగిన వంటకము కావలెను. సన్నని సెగ అట్టి వంటకము నీయగలదు.

సన్నని సెగ మనకు క్రొత్తది కాదు. పిడకల దాలిలో పాలకుండ నుంచి, ఉదయము మొదలు సాయంకాలము వరకు ఎఱ్ఱగా కాగనిచ్చిన అవ్వలను ఎరుగనివారు పల్లెలలో అరుదు. హైదరాబాదులో రంజాను మాసమున భట్టీలపై పెద్ద డేగిసలలో గంటల తరబడి ఉడుకు హలీము అట్టిదే. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు లభించెను. ఐతే హలీములో గోధుమలు చేరును. మనము దాని విధానమును మాత్రము గ్రహించి, గోధుమను విడిచిపెట్టుదము.

నేడు అంగళ్ళలో దొరకు స్లో కుక్కర్ అను విద్యుత్ పాత్ర కథ కూడ ఒక మతాచారముతో ముడిపడియున్నది. యూదులకు శుక్రవారపు సూర్యాస్తమయము మొదలు శనివారపు రాత్రి వరకు నిప్పు రాజేయుట నిషిద్ధము. అందుచేత వారు మాంసము, చిక్కుళ్ళు కలిపిన కుండను ముందే రొట్టెల కొలిమిలో నుంచి, మరునాడు వేడిగా తినెడివారు. దానిని చోలెంట్ అందురు. లిథువేనియా నాటి ఆ వంటను గూర్చి తన ఇంటి పెద్దలు చెప్పగా విన్న ఇర్వింగ్ నాక్సన్ అను అమెరికా ఇంజనీరు, అట్టి పనిచేయు విద్యుత్ పాత్రను నిర్మించి 1940లో పేటెంటు పొందెను. 1971లో అది క్రాక్-పాట్ అను పేరుతో విపణికి వచ్చి ప్రసిద్ధి చెందెను. దాలిలోని పాలకుండ, రంజాను డేగిస, శనివారపు చోలెంట్ – మూడింటిలోను ఉన్న సూత్రము ఒక్కటే.

ఆ సూత్రమేమి? కోడి కాళ్ళలోను, కీళ్ళ చుట్టును కొల్లాజెన్ అను గట్టి మాంసకృత్తు ఉండును. నీటిలో తగినంత వేడికి చాలసేపు గురియైనచో అది కరగి జెలటిన్‌గా మారును. చల్లారిన కోడి షేర్వా పెరుగువలె గడ్డకట్టుటకు కారణమిదియే. మైదా గాని, మొక్కజొన్నపిండి గాని, బంగాళాదుంప గాని వేయకుండగనే పులుసునకు చిక్కదనము దీనివలన కలుగును. అనగా పిండి చేయవలసిన పనిని కాలము చేయును. బ్రాయిలర్ కోడి రొమ్ము మాంసమున కొల్లాజెన్ స్వల్పము. అది ఎక్కువసేపు ఉడికినచో పీచుపీచుగా ఎండిపోవును. ఎముకతో కూడిన కాళ్ళు, తొడలు, లేదా ముదురు నాటుకోడి ఈ వంటకు శ్రేష్ఠము. గుడ్లు పెట్టుట మానిన పెట్టను ముదిరినదని ఎవరును కొననిచో, దానికి తగిన స్థానము ఈ పాత్రలో కలదు.

ఇక వంట విధానము. నలుగురికి ఎముకతో కూడిన కోడిమాంసము ఒక కిలో, లేత సొరకాయ 400 గ్రాములు, పువ్వుకోసు 200 గ్రాములు, టమాటాలు 200 గ్రాములు, ఉల్లిగడ్డలు 150 గ్రాములు, అల్లము ఎల్లిగడ్డల ముద్ద 30 గ్రాములు, వేయించి పొడిచేసిన నువ్వులు 20 గ్రాములు, నూనె రెండు పెద్ద చెంచాలు సిద్ధము చేసికొనవలెను. పసుపు, ధనియాల పొడి, కారము, ఒక దాల్చినచెక్క ముక్క, రెండు లవంగములు, రెండు యాలకులు చాలును. దీర్ఘకాలము ఉడుకుటవలన లవంగము మిక్కిలి ఘాటెక్కును గనుక రెంటికి మించరాదు. ఒంటిగా తినదగిన షేర్వాయే గనుక కారమును కూరకు వేయుదానిలో సగము వేయవలెను. ఉప్పు ఒక చిన్న చెంచా నిండుగా చాలును. కొదువను చివర పిండిన నిమ్మరసము తీర్చును.

మొదట పొయ్యిమీద బాణలిలో నూనె కాచి, ఉల్లిగడ్డ ముక్కలను ఎఱ్ఱగా వేయింపవలెను. అల్లము ఎల్లిగడ్డల ముద్ద, పసుపు, పొడులు వేసి, పచ్చివాసన పోయిన పిదప మాంసపు ముక్కలను వేసి రెండు ప్రక్కల రంగు మారువరకు త్రిప్పవలెను. బద్ధకించి ఈ పని మానరాదు. నీటితో కూడిన స్లో కుక్కర్‌లో వేడి నీరు మరుగు స్థానమును దాటదు. వేపుడు రుచి, పరిమళము పుట్టుటకు అంతకంటె చాల ఎక్కువ వేడి కావలెను. కనుక ఆ రుచిని బాణలిలోనే సంపాదించి పాత్రలోనికి చేర్చవలెను.

తరువాత స్లో కుక్కర్ అడుగున సొరకాయ ముక్కలు, టమాటాలు పరచి, వాటిపై మాంసము నుంచి, బాణలిలో ఒక గ్లాసు వేడినీరు పోసి అడుగంటినదంతయు గోకి అందులో పోయవలెను. అంతకు మించి నీరు వలదు. మూత గట్టిగా ఉండుటవలన ఆవిరి బయటికి పోదు. సొరకాయ, మాంసము తామే నీరు విడుచును. పాత్ర సగమునకు తక్కువ గాని, మూడు వంతులకు ఎక్కువ గాని నిండరాదు. తక్కువ సెగపై బ్రాయిలర్ కాళ్ళకు 5 లేక 6 గంటలు, ముదురు నాటుకోడికి 8 గంటలు పట్టును. నడుమ మూత తీసి చూచిన ప్రతిసారియు వంట 15 లేక 20 నిమిషములు వెనుకబడును. చివరి గంటలో పువ్వుకోసు, నువ్వులపొడి చేర్చవలెను. దించుటకు ముందు సొరకాయను గరిటెతో మెదిపినచో షేర్వా మరింత చిక్కబడును. కొత్తిమీర, నిమ్మరసము చివరివి.

లెక్క చూతము. మాంసములో పిండిపదార్థము లేదు. మిగిలిన వస్తువులన్నియు కలిపినను ఒక్కొక్కరి వంతునకు సుమారు 15 నుండి 17 గ్రాములు. అందులో కొంత పీచు. 250 గ్రాముల అన్నముగల పళ్ళెములో సుమారు 70 గ్రాములు. విద్యుత్తు మాటకు వచ్చినచో 200 వాట్ల పాత్ర 8 గంటలు నడచినను 1.6 యూనిట్లకు మించదు.

పాత్ర లేనివారు నిరాశ పడనవసరము లేదు. మందపు అడుగుగల గిన్నెలో షేర్వాను ఒకసారి బాగుగ మరగించి, మూత చుట్టును పిండితో మూసి, బొగ్గులపై గాని చిన్న మంటపై గాని మూడు గంటలు ఉంచినచో సరిపోవును. ఇందు నీరు కొంత ఎక్కువ పోయవలెను. మూతకు పూసిన పిండిని పారవేయుడు.

కొన్ని హెచ్చరికలు అవశ్యము చెప్పవలెను. మంచుగడ్డవలె ఉన్న మాంసమును నేరుగా స్లో కుక్కర్‌లో వేయరాదు. 5 డిగ్రీలకును 60 డిగ్రీలకును నడుమ సూక్ష్మజీవులు త్వరగా పెరుగును. ఆ స్థితిలో మాంసము రెండు గంటలకు మించి ఉండరాదు. కరెంటు పోయి ఎంతసేపైనదో తెలియనిచో, ఆ వంటను వదలుకొనుటయే మేలు. మిగిలిన షేర్వాను ఫ్రిజ్‌లో ఉంచి, పొయ్యిమీద మరగించియే తినవలెను. సొరకాయను కోసినప్పుడు చిన్న ముక్క నాలుకపై ఉంచి చూడుడు. చేదుగా ఉన్నచో అది విషతుల్యము, పారవేయవలెను.

అన్నింటికంటె ముఖ్యమైనది వేరొకటి కలదు. ఇన్సులిన్ గాని, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గాని తీసికొనువారు వైద్యునితో చెప్పకుండ ఒక్కసారిగా అన్నము మానరాదు. మందు పాత లెక్కలోనే ఉండి, భోజనము తగ్గినచో రక్తములోని చక్కెర ప్రమాదకరముగా పడిపోవును. చెమటలు, వణకు, తడబాటు దాని లక్షణములు. అట్టి సమయమున పథ్యము మాట మరచి వెంటనే చక్కెర నీరు ఇయ్యవలెను. మూత్రపిండముల వ్యాధిగలవారు మాంసము ఎంత తినవచ్చునో వైద్యునే అడుగవలెను.

రంజాను మాసమున ఈ షేర్వా మరింత ఉపయోగకరము. రాత్రి పది గంటలకు పాత్ర నుంచినచో సహరీ వేళకు సిద్ధముగా ఉండును. ఇంటి ఇల్లాలికి ఒక గంట నిద్ర మిగులును. ఉపవాసము పాటింపదలచిన మధుమేహ రోగులు ముందుగనే వైద్యుని చూచి మందుల వేళలు, సహరీలో ఎంత రొట్టె తినవలెనో నిర్ణయించుకొనవలెను. వేలి నుండి చుక్క రక్తము తీసి పరీక్షించుకొనుటవలన ఉపవాసము భంగము కాదని పెక్కుమంది ధర్మపండితులు చెప్పియున్నారు. ఆ పరీక్షలో చక్కెర 70 మిల్లీగ్రాములకు తగ్గినచో ఉపవాసము వెంటనే విరమింపవలెనని వైద్యుల మాట.

విద్యార్థినీ విద్యార్థులారా! ఈ వంటలో అసలు పని అరగంట మాత్రమే, మిగిలినదంతయు నిరీక్షణ. ఒక సెలవుదినమున ఆ అరగంట మీరు తీసికొని, మీ ఇంటిలో షుగరుగల పెద్దలకు, ముఖ్యముగా అందరికంటె చివర తినెడి తల్లికి, మొదటి గిన్నె వడ్డించుడు. తాను వండని భోజనమును, అందరితో కూర్చుండి, అందరు తినెడి దానినే ఆమె తినును. పథ్యము పాటించుటకు అంతకంటె మంచి ప్రారంభము లేదు.