అదును చూసి... విడుదల!

'విడుదల' అనగానే ఎవరికైనా సినిమా గుర్తుకొస్తుంది. కర్నూలు, కడప వాళ్లకు మాత్రం ముందు నీళ్లు గుర్తుకొస్తాయి. కేసీ కాలువకు ఎప్పుడు వదులుతారు? ఎన్ని తడులకు సరిపోతాయి? చివరి మడికి చేరేసరికి నారు ముదిరిపోదు కదా? సుంకేసుల దగ్గర తుంగభద్రను వదిలి, నంద్యాల మీదుగా కడప దాకా సాగే ఆ కాలువ కింద సుమారు 2.65 లక్షల ఎకరాల ఆయకట్టు ఉంది. తేదీ ముందే తెలిస్తే రైతు నారు పోసుకుంటాడు. తెలియకపోతే కాలువ గట్టునే కూర్చుంటాడు.

సరిగ్గా ఇలాంటి తేదీ గొడవే కంప్యూటర్లలోనూ ఉంది. దాని ఫలితం మన ఊరి దుకాణం దాకా వస్తుంది కూడా. ప్రొద్దుటూరులో బంగారు నగల షాపు, నంద్యాలలో కోచింగ్ సెంటరు, కర్నూల్లో ప్రైవేటు స్కూలు... ఇలాంటి చిన్న చిన్న వెబ్‌సైట్లను ఎవరూ మొదటి నుంచీ రాసుకోరు. వర్డ్‌ప్రెస్, డ్రూపల్, జూమ్లా లాంటి సాఫ్ట్‌వేర్లను ఉచితంగా దించుకుని, తమ ఫొటోలూ వివరాలూ పెట్టేసుకుంటారు. ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా ఒక్క వర్డ్‌ప్రెస్ మీదే నడుస్తున్నాయి! ఇవన్నీ ఓపెన్ సోర్స్. అంటే లోపలి గుట్టంతా అందరికీ తెరిచే ఉంటుంది. ఎవరైనా చూడొచ్చు, దిద్దొచ్చు, కొత్తవి చేర్చొచ్చు. అలా దేశదేశాల నుంచి వేలమంది చేయి వేస్తుంటారు. అందులో చాలామందికి అది జీతం లేని పని. మరి కొత్త వెర్షన్ ఎప్పుడు రావాలో నిర్ణయించేదెవరు?

మెట్ట పద్ధతి, కాలువ పద్ధతి

పత్తికొండ వైపు మెట్ట రైతు వాన పడి, నేల పదునెక్కాకే వేరుశనగ విత్తుతాడు. అతనికి తేదీతో పని లేదు. సాఫ్ట్‌వేర్లు కూడా చాలాకాలం ఇలాగే నడిచాయి. 'అన్నీ సిద్ధమయ్యాక విడుదల చేద్దాం' అన్నది సూత్రం. వినడానికి బాగానే ఉంటుంది. కానీ అన్నీ సిద్ధమయ్యే రోజంటూ ఒకటి ఉండాలిగా! డ్రూపల్ 7 వచ్చింది 2011 జనవరిలో. 8 వచ్చేసరికి 2015 నవంబరు. దాదాపు అయిదేళ్లు! జూమ్లా 1.5 నుంచి 1.6కు రావడానికి మూడేళ్లు పట్టింది. ఈలోగా కొత్త సౌకర్యం రాసినవాడి ఉత్సాహం చల్లారిపోతుంది. పైగా ఈసారి తప్పితే ఇంకెన్నేళ్లకో అన్న భయంతో అందరూ సగం ఉడికిన పనిని కూడా ఇందులోనే కూరేయాలని చూస్తారు. దాంతో ఇంకా ఆలస్యం.

దీనికి విరుగుడుగా వచ్చిందే కాలువ పద్ధతి. తేదీ ముందే ప్రకటిస్తారు. ఆ వేళకు సిద్ధమైనవే లోపలికి, మిగిలినవి వచ్చేసారికి. ఉబుంటు 2004 అక్టోబరు నుంచీ ఇలా ఆరునెలలకోసారి, ఏప్రిల్లోనూ అక్టోబరులోనూ వస్తోంది. వెర్షన్ సంఖ్యలోనే ఏడాదీ నెలా ఉంటాయి. 2006లో మాత్రం రెండు నెలలు జారి 6.04 కావాల్సింది 6.06 అయింది. ఆలస్యాన్ని పేరులోనే రాసుకున్నారన్నమాట! డ్రూపల్ కూడా 8 తర్వాత ఆరునెలల బాట పట్టింది.

వర్డ్‌ప్రెస్ కథ ఇంకా సరదా. మూడు నాలుగు నెలలకో వెర్షన్ అని 2007లో పెట్టుకున్న మాటలో 2.4 వంతు వచ్చేసరికి పని తెమల్లేదు. ఏం చేశారు? ఆ సంఖ్యనే వదిలేసి, 2008 మార్చిలో నేరుగా 2.5 తెచ్చారు. మరో పదేళ్లకు, రాసే పద్ధతినే మార్చేసిన 5.0 విషయంలో తేదీ 2018 నవంబరు 19 నుంచి 27కు, అక్కడి నుంచి డిసెంబరు 6కు జరిగింది. క్రిస్మస్ అమ్మకాల మధ్య అంత పెద్ద మార్పేమిటని వెబ్‌సైట్లు నడిపేవాళ్లు మండిపడ్డారు. అంటే తేదీ ఉంటే చాలదు, అదును కూడా చూడాలి. మన దసరా, దీపావళి అమ్మకాల రోజుల్ని ఎవరైనా లెక్కలోకి తీసుకుంటారా అంటే... అది వేరే సంగతి.

అలాగని మరీ తొందరా పనికిరాదు. జూమ్లా 2011లో ఆరునెలల పద్ధతి మొదలుపెడితే, జనవరిలో 1.6 వేసుకున్నవాళ్లు ఏడాది తిరగకుండానే 1.7కు మారాల్సి వచ్చింది. అందుకే 2012 జనవరిలో వచ్చిన 2.5కు దీర్ఘకాలపు భరోసా ఇచ్చి, 2014 చివరిదాకా మరమ్మతులు అందించారు. ఊళ్లో సైటు చూసుకునే కుర్రాడు ఒక్కడే ఉన్నచోట ఈ భరోసా చాలా పెద్దది.

గురువారం బండి

తెలుగువారికి దగ్గరి ఉదాహరణ వికీపీడియా. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా మీడియావికీ అనే సాఫ్ట్‌వేరు మీద నడుస్తుంది. దాని మార్పులు దాదాపు ప్రతివారం ఒక 'రైలు' ఎక్కుతాయి. అక్కడివాళ్లు పెట్టుకున్న పేరే అది. మంగళవారం పరీక్షల కోసం ఉంచిన సైట్లు, బుధవారం వికీసోర్స్ లాంటివి, గురువారం వికీపీడియాలు. దారిలో ఎక్కడైనా తేడా కనిపిస్తే బండిని ఆపేస్తారు, అవసరమైతే వెనక్కి నడిపిస్తారు. సమయానికి రాని ప్రయాణికుడు పైవారం బండి ఎక్కుతాడు. ఏడు రోజులేగా అని ఎవరికీ కంగారుండదు.

నెలల తరబడి సాగే విడుదలల్లో మరో మెట్టు ఉంది. ముందు కొత్తవి చేర్చడం ఆపేస్తారు. తర్వాత బీటా అంటూ పరీక్షకు వదులుతారు. చివరి కొన్ని వారాల్లో తెరమీద కనిపించే ఏ మాటనూ ముట్టుకోకూడదని గట్టి నిబంధన పెడతారు. ఎందుకంటారా? అనువాదకుల కోసం! 'సేవ్' అన్నచోట 'భద్రపరచు' అని రాసేది తీరిక వేళల్లో పనిచేసే మనలాంటి మనుషులే. మీడియావికీలో 'సేవ్' బొత్తాన్ని 'పబ్లిష్'గా మార్చినప్పుడు, ఆ ఒక్క మాటకే ఇన్ని భాషలవాళ్లూ మళ్లీ కలం పట్టాల్సి వచ్చింది. ఆఖరి రోజున మాటలు మారిస్తే ఇంగ్లిష్‌కు ఏమీ కాదు, తెలుగు తెరమీదే సగం ఇంగ్లిష్ మిగిలిపోతుంది. కాలువ పైన గేటు ఆలస్యమైతే ముందు ఎండేది చివరి మడే కదా.

ఆ రాత్రి ఏడు గంటలు

భద్రతా లోపాల సంగతి వేరు. అవి ఆరునెలలు ఆగవు. 2014 అక్టోబరు 15న డ్రూపల్ 7లో ఘోరమైన లోపం బయటపడింది. సరిదిద్దిన వెర్షన్ అదే రోజు ఇచ్చారు. మన గడియారంలో అప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. రెండు వారాల తర్వాత డ్రూపల్ బృందం చేసిన హెచ్చరిక వింటే గుండె జారుతుంది. ప్రకటించిన ఏడు గంటల్లోపు దిద్దుకోని ప్రతి సైటూ దొంగల చేతికి చిక్కిందనే అనుకోవాలట! ఏడు గంటలంటే మనకు తెల్లవారుజామున నాలుగున్నర. కడపలోనో కర్నూల్లోనో సైటు చూసుకునే మనిషి భోంచేసి పడుకుని, లేచేలోపే గడువు తీరిపోయింది. చేసిన తప్పల్లా నిద్రపోవడమే.

2018లో అంతటి లోపమే మళ్లీ దొరికినప్పుడు పద్ధతి మార్చారు. లోపం ఏమిటో చెప్పకుండా, మార్చి 28న ఫలానా గంటల మధ్య మందు వస్తుంది, సిద్ధంగా ఉండండని వారం ముందే, మార్చి 21న చాటింపు వేశారు. గడువు దాటిపోయిన పాత వెర్షన్లకు కూడా మందు తయారుచేశారు. ఈసారీ మనకు వేళ కలిసి రాలేదు, రాత్రి పదకొండున్నర నుంచి ఒంటిగంట మధ్య. అయితే అలారం పెట్టుకోవడానికి వారం రోజులుంది.