‘ఇఫ్’ తెచ్చిన చిక్కు

నేను చెప్పుకునేది తెలుగు పాఠం. అయినా మా సోంపేటలో ఇంగ్లీషు కాయితం ఏది వచ్చినా ఇరుగు పొరుగులు నా గుమ్మమే ఎక్కుతారు. లెక్చరరన్న తరువాత అన్నీ వచ్చి తీరాలని వారి నమ్మకం. రాదంటే చిన్నతనం, వచ్చంటే ప్రమాదం.

మొన్నొక సాయంత్రం ఉద్దానం కుర్రవాడొకడు తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. పై ఊళ్లో చదువుతున్నాడు. ఫీజు రాయితీకి పెట్టుకున్న దరఖాస్తు తిరిగి వచ్చిందట. “మీ తండ్రికి కొబ్బరి తోట ఎంత? ఆదాయం వివరాలు జతపరచండి” అని దానిమీద వ్రాసి ఉంది.

“తోటెక్కడిది బాబూ! తిత్లీ గాలికి పోనాది కాదేటి?” అంది తల్లి.

నిజమే. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన ఆ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల వేగంతో వీచింది. ఉద్దానంలో కొబ్బరీ, జీడీ నేలకొరిగాయి. కొబ్బరి మొక్క నాటితే కాపు చూడడానికి ఆరేడేళ్లు పడుతుంది. వీళ్లు మొద్దులు తీయించి, అప్పుచేసి, ఆలస్యంగా నాటిన మొక్కలు ఇంకా కాపుకు రాలేదు.

దరఖాస్తు చదివాను. “ఇఫ్ ద ట్రీస్ ఆర్ దేర్, మై ఫాదర్ విల్ పే ద ఫీజ్” అని ఉంది. ఇక గుమాస్తాను అని ఏం లాభం? చెట్లుంటే తండ్రి కడతాడని కుర్రవాడే ఒప్పుకున్నాడు గదా! ఉన్నవో లేవో కనుక్కోవడం ఆయన ధర్మం.

“ఇంట్లో ఈ మాట ఎలా అనుకుంటారు?” అని అడిగాను.

“చెట్లుంటే నాన్న కట్టేవాడు అనుకుంటామండి.”

“నువ్వు వ్రాసింది ‘చెట్లుంటే నాన్న కడతాడు’ అని, నాయనా!”

కుర్రవాడు నాలిక కరుచుకున్నాడు. చిక్కంతా అక్కడే ఉంది. మన వ్యాకరణం చేదర్థకం అనే ‘ఉంటే’ రెంటికీ ఒకటే. ఉన్నదో లేదో చెప్పేది వాక్యం చివరనున్న క్రియ. ‘కడతాడు’ అంటే ఆశ ఉంది. ‘కట్టేవాడు’ అంటే లేదు. అత్తకు మీసాలుంటే మామ అయ్యేది అంటామేగాని, అవుతుంది అని ఎదురుచూడం గదా!

ఇంగ్లీషులో రెండు భాగాలూ మారాలి. ‘ఆర్’ పోయి ‘వర్’, ‘విల్’ పోయి ‘వుడ్’ వస్తాయి. “ఇఫ్ ద ట్రీస్ వర్ దేర్, మై ఫాదర్ వుడ్ పే.”

“ఇప్పటి సంగతికి భూతకాలం ఎందుకు మాస్టారూ?” అన్నాడు.

“మనమూ అదే చేస్తున్నాం. ‘ప్రతి ఏడూ కట్టేవాడు’ అంటే గడిచిన సంగతి. ‘చెట్లుంటే కట్టేవాడు’ అంటే జరగని సంగతి. రూపం ఒకటే. ఇక్కడ అది కాలాన్నిగాక, నిజానికి ఎంత దూరమో చెబుతుంది.”

ఇక గడిచిపోయినదాన్నే కాదనుకోవాలంటే మరొక మెట్టు వెనక్కి వెళ్లాలి: “ఇఫ్ తిత్లీ హేడ్ నాట్ కమ్, ద ట్రీస్ వుడ్ హేవ్ సర్వైవ్డ్.” తిత్లీ రాకపోయి ఉంటే చెట్లు బతికి ఉండేవి. దాని ఫలం నేటికీ ఉన్నదంటే, రెండో భాగం నేటికే చెప్పవచ్చు: “ద ట్రీస్ వుడ్ బి స్టాండింగ్ టుడే.”

కుర్రవాడు నా బల్లమీదే దరఖాస్తు తిరగవ్రాశాడు. నేను ఇంకొక వాక్యం చేర్పించాను: తుపానులో చెట్లు పడిపోయినవి అని. ‘ఇఫ్’ను ఎంత చక్కగా వాడినా, అసలు సంగతి తిన్నగా చెప్పడం మేలు.

వెళ్లబోతూ తల్లి, “మొక్కలు కాపుకొస్తే మొదటి గెల మీకే తెస్తాను బాబూ” అంది.

కుర్రవాడు నావైపు చూసి నవ్వాడు. ‘తెస్తాను’ అంది, ‘తెచ్చేదాన్ని’ అనలేదు. ఆ వాక్యాన్ని దిద్దవలసిన పని మా ఇద్దరికీ కనిపించలేదు.